రెండు పెట్టెల నడుమ

చంద్రయ్యకు చెవులు పోయాయి. ఆ సంగతి ఆయనకొక్కడికే తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

ఎట్లా చెబుతాడు మరి? స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లయినా, బోనాలయినా, ఒగ్గు కథయినా మైకు సెట్టు చంద్రయ్యదే. ముప్పై ఏళ్లుగా ఆయన తిన్న ప్రతి ముద్దా ఆ చెవులు పెట్టిందే. అలాంటి మనిషి పోయి "నాకు వినబడటం లేదయ్యా" అంటే జనం ఊరుకుంటారా? వాళ్ల నాయనకు కూడా సరిగ్గా ఈ వయసులోనే చెవుడొచ్చింది. ఎవరేమన్నా "మంచిది బిడ్డా, మంచిది" అని నవ్వుతూ తల ఊపేవాడు. ఒకసారి ఎవరో చావు కబురు మోసుకొస్తే దానికీ "మంచిది బిడ్డా" అనేశాడు పాపం. ఆ ముసలాయన పోయి ఇన్నేళ్లయినా ఊళ్లో ఆ మాట చెప్పుకుని పడీపడీ నవ్వుతారు. చంద్రయ్యకు పామన్నా భయం లేదు, కరెంటన్నా భయం లేదు. ఆ నవ్వంటేనే భయం.

ఆయనకొక అలవాటుంది. స్పీకర్లను ఆయన స్పీకర్లనడు, పెట్టెలంటాడు. తన రెండు పెద్ద పెట్టెలనూ స్టేజీకి చెరో పక్కన నిలబెట్టి, తీగలు బిగించి, ఏదో ఒక పాట పెట్టి, పోయి ఆ రెండింటికీ సరిగ్గా నడుమ నిలబడతాడు. కళ్లు మూసుకుంటాడు. చేతులు వెనక్కి కట్టుకుంటాడు. ఇక పెళ్లికొడుకొచ్చి మీద పడ్డా కదలడు. "అగో, చంద్రన్న తపస్సుకు నిలవడ్డడు" అని పిల్లలూ పెద్దలూ ఎగతాళి చేస్తారు. చేసుకోనీ. ఆ నడుమ చోట పాట కుదిరిందంటే ఇక సభంతా కుదిరినట్టేనని ఆయన నమ్మకం.

తీగల విషయంలోనూ ఆయనకొక పట్టింపు ఉంది. ఆ తీగలు పాతకాలపువి, ఒక కొస పెట్టెకే అతికి ఉంటుంది, లోపలి రెండు పోగులూ నల్లవే. ఏది ప్లస్సో ఏది మైనస్సో తెలియడానికి ప్లస్సు పోగు కొసకు చిన్న ముడి వేసి ఉంచుతాడు. ముడి ఉన్నది ఆంప్లిఫయర్ మీది ఎర్ర బొడిపెకు, లేనిది నల్ల బొడిపెకు. పని నేర్పిన గురువు చెప్పిన పద్ధతి అది. ఎందుకని ఆయన అడగలేదు, గురువూ చెప్పలేదు.

దసరా నాడు ఎప్పటిలాగే ఆయన భార్య అండాలు పెట్టెలన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. పండుగ దాటాక మొదటి బేరం రఘునాథపల్లిలో పెళ్లి. చంద్రయ్య పెట్టెలు నిలబెట్టాడు, పాట పెట్టాడు, వెళ్లి నడుమ నిలబడి కళ్లు మూసుకున్నాడు. మరుక్షణమే కళ్లు తెరిచేశాడు.

పాటలో డోలు లేదు. పొట్టలో వచ్చి తగలాల్సిన ఆ "గుం" అనే దెబ్బ ఎక్కడికో పోయింది. పైపైన గొంతొక్కటే మిగిలింది. అది కూడా ఎదురుగా ఉన్న స్టేజీ నుంచి కాక, తల వెనక ఎక్కడి నుంచో వస్తున్నట్టు పలచగా, దిక్కూ మొక్కూ లేకుండా ఉంది. వెళ్లి తీగలు చూశాడు. ముడులు ఉండాల్సిన చోటే ఉన్నాయి. సౌండు పెంచాడు. పెంచేసరికి ఓ పక్కన పెట్టె ముందు కూర్చున్న పెళ్లికూతురి మేనత్త చెవులు మూసుకుని లేచింది.

"ఏందయ్యా, పెండ్లికి పిలిచి మమ్ముల సంపుతవా?"

చంద్రయ్య గబగబా తగ్గించి, అటు పోతున్న ఒకాయనను ఆపి అడిగాడు. "సౌండెట్లుందే?"

"మస్తుంది గదనే!"

అంతే. అందరికీ మస్తుగా ఉంది. తనకొక్కడికే లేదు. కాబట్టి చెడిపోయింది పెట్టె కాదు, చెవి.

ఇంట్లో మాత్రం అన్నీ వినబడేవి. పొద్దున పాలవాడి సైకిల్ బెల్లు వినబడేది, పొయ్యి మీద చాయ్ మరిగేది వినబడేది. అండాలు వంటింట్లో ఆయన మీద గొణుక్కునేవి కూడా వినబడేవి, అవి వినబడకపోతేనే నయం. మరి ఇదేం చెవుడని ఒక్క క్షణం నిదానంగా ఆలోచించాలి కదా? ఆలోచించలేదు. భయం పట్టిన మనిషి బుర్ర అంతే, దానికి కావలసిందే అది వింటుంది. డోలు లాంటి లావు సౌండ్లు ముందు పోతాయి కాబోలు, సన్నవి తర్వాత పోతాయి కాబోలు అని ఆయనే ఒక వైద్యశాస్త్రం కనిపెట్టుకున్నాడు. ఆ తర్వాత నాలుగైదు పెళ్లిళ్లలో నడుమ నిలబడి చూశాడు. ప్రతిసారీ అదే కథ. ఇక ఆ చోటికి పోవడమే మానేశాడు. ఎవరి మొహం ఎట్లా ఉందో చూసి సౌండు సరిచేసుకునేవాడు.

ఇట్లా చలికాలం గడిచింది. శివరాత్రి దగ్గర పడుతుండగా ఒకనాడు ఎల్లేశ్ వచ్చాడు. అండాలుకు తమ్ముడు, డోళ్ల మీద మల్లన్న, ఎల్లమ్మల కథలు పాడి చెప్పే ఒగ్గు కథ బృందానికి పెద్ద. గడపలో చెప్పులు విడవకముందే మొదలుపెట్టాడు.

"బావా! కురవి జాతరల మన కథ పెట్టిండ్రే! వీరన్న గుడి కాడ పెద్ద స్టేజి. ఉన్న డోళ్లన్ని తీస్కపోతున్న. గంత జనం ముంగట నేను ఎన్నడు చెప్పలే. పెట్టెలు నువ్వే పెట్టాలె."

చంద్రయ్య చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. "భోజ్యాతోని పెట్టిచ్చుకో. మానుకోటల ఆయనకు పెద్ద సెట్టుంది."

మహబూబాబాద్‌ను అక్కడి వాళ్లు మానుకోట అనే అంటారు. భోజ్యా ఆ ఊళ్లో టెంట్ హౌసూ డీజే నడుపుతాడు. ఒకప్పుడు చంద్రయ్య దగ్గరే పని నేర్చుకున్నాడు.

ఎల్లేశ్ తన చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. "ఏందే బావా? పరాచికాలా?"

"నాతోని గాదు ఎల్లేశ్. ఒంట్ల మంచిగుంటలేదు."

"ఒంట్ల మంచిగ లేకుంటె దవాఖానకు పోదాం. గాని నేను నోరు తెరిచిన కాడికెల్లి నీ పెట్టెలల్లనే నా గొంతు ఇన్న. నువ్వు నడుమ నిలవడి ఇంటున్నవంటెనే నాకు ధైర్నం. నువ్వు రానంటె నేను ఎవని మొకం జూసి చెప్పాలె?"

చంద్రయ్య మళ్లీ భోజ్యా పేరే ఎత్తాడు. ఎల్లేశ్ సగం చాయ్ వదిలేసి లేచి వెళ్లిపోయాడు. అలిగాడని వేరే చెప్పాలా?

ఎల్లేశ్ అన్న మాట చంద్రయ్యను నిలవనియ్యలేదు. మర్నాడు అండాలు పొలం పోయిన వేళ చూసి, రెండు పెట్టెలనూ ట్రాలీ ఆటోలో వేయించి నేరుగా మహబూబాబాద్‌లో భోజ్యా ముందు దించాడు.

"ఎల్లేశ్ కథకు ఇవ్వే పెట్టు. తర్వాత గూడ నీ తాననే ఉంచుకో. నాకు చెవులు పోయినయ్ భోజ్యా. ఎవ్వలకు చెప్పకు."

భోజ్యా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చేతులు పట్టుకున్నాడు. "చంద్రన్నా, గిదేంది..."

"ఏడ్వకు. ఒక్కటి యాది పెట్టుకో. ముడి తప్పద్దు. ముడి ఉన్న పోగు ఎర్రదానికే బిగియ్యాలె. ఒట్టు వెయ్యి."

భోజ్యా తమ లంబాడాల గురువు సేవాలాల్ మహారాజ్ మీద ఒట్టు వేశాడు.

సాయంత్రం అండాలు ఇంటికొచ్చి, ఖాళీ అయిన మూలను చూసి బుట్ట కింద పెట్టింది. పెట్టెలేవని అడిగింది. ఇక దాచి లాభం లేక చంద్రయ్య అంతా చెప్పేశాడు. ఆమె నవ్వలేదు. ఏడ్చింది. ఏడుపయ్యాక తిట్లందుకుంది.

"ఐదు నెలల సంది ఒక్కనివే కుములుతున్నవా? కట్టుకున్నదాన్ని సచ్చిన్నా నేను? నాతోని చెప్తె నేను నగుతనా?"

కొమురెల్లి మల్లన్నకొక మొక్కు, కురవి వీరన్నకొకటి, ఎందుకైనా మంచిదని ఎల్లమ్మ తల్లికి కూడా ఒకటి మొక్కి, ఆ తర్వాత భూపాలపల్లిలో ఉన్న బిడ్డకు ఫోన్ చేసింది. బిడ్డ పేరు తేజస్విని. అక్కడి జూనియర్ కాలేజీలో పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంది. అల్లుడిది బొగ్గు బావిలో పని. వెంటనే బయలుదేరి రమ్మంది తేజస్విని.

శివరాత్రి జాతర ఇంకో రోజుందనగా మొగుడూ పెళ్లాలిద్దరూ భూపాలపల్లి క్వార్టర్స్‌లో దిగారు. తేజస్విని ఆ సాయంత్రమే నాయినను చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, సౌండు వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఉరి తీసే ముందు కడసారి కోరిక అడిగినట్టు మొహం పెట్టుకుని చంద్రయ్య నొక్కుతూ పోయాడు.

డాక్టరమ్మ గీతలు చూసి అన్నది. "పెద్దాయనా, చెవులు బానే ఉన్నయ్. కీచుమనే సన్న సౌండ్లు జర తగ్గినయ్, గది ఈ వయసుల అందరికి ఉండేదే. లావు సౌండ్లయితే ఒక్కటి వదలకుండ పట్టుకున్నవు."

సంతోషపడతాడనుకుంటాం కదా? చంద్రయ్యకు కోపమొచ్చింది. "మిషిని ఖరాబైంది. డోలే ఇనవడ్తలేదు మొర్రో అంటుంటె లావు సౌండ్లు పట్టుకున్ననట!" అని దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాడు. రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. చెవుడు కాకపోతే ఇక పిచ్చే అయి ఉండాలని ఆయన కొత్త బెంగ.

తెల్లారి అండాలు వాకిట్లో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తుంటే, తేజస్విని నాయిన పక్కన పీట వేసుకుంది.

"బాపూ, కోపం జేయకుండ చెప్పు. అన్ని సౌండ్లు పోతున్నయా, కొన్నేనా?"

"డోలే పోతది ముందు. గొంతు పలుచనైతది. తాళాలు మంచిగనే ఇనవడ్తయ్."

"యాడ నిలవడ్తె?"

"యాడ నిలవడ్త? నా జాగల. రెండు పెట్టెలకు సరీగ నడుమ."

"జర పక్కకు జరిగి ఇన్నవా ఎన్నడన్న?"

"పక్కకెందుకు జరుగుత? ముప్పై ఏండ్ల సంది నా జాగ నడుమనే."

తేజస్విని కళ్లు మెరిశాయి. ఏమీ అనకుండా లోపలికెళ్లి వెడల్పాటి ఇత్తడి తాంబాళం తెచ్చింది. నీళ్లు పోసింది. తల్లి ముందున్న పొట్టులోంచి చిన్న ఉల్లిపొర తుంచి నీళ్ల నడుమ వేసింది. తాంబాళానికి అటొక వేలు, ఇటొక వేలు పెట్టి, రెండు వేళ్లనూ ఒక్కసారే ముంచుతూ తీస్తూ పోయింది. రెండు వైపుల నుంచీ అలలు వచ్చి నడుమ కలిశాయి. ఉల్లిపొర ఎగిరెగిరి పడింది.

"చూస్తున్నవా? పొర కిందికి మీదికి ఎగురుతుంది గని ఒడ్డుకు వస్తలేదు. నీళ్లు యాడియాడనే ఉన్నయ్. నడిచొచ్చేది ఊపు ఒక్కటే. నీ పెట్టెలది గూడ గంతే. అట్ట ముందటికొచ్చి గాలిని నూకుతది, ఎన్కకు పోయి గుంజుతది. గా ఊపే మన చెవి దాక వస్తది, గాలి రాదు."

"గది నాకెర్కనే" అన్నాడు చంద్రయ్య బింకంగా. నిజానికి ఆయనకు తెలిసింది పెట్టె లోపల అట్ట ఆడుతుందని మాత్రమే.

"మంచిది. రెండు పెట్టెలు ఒక్కసారే నూకుతె నడుమ ఊపు రెండింతలైతది. ఇప్పుడు జూడు."

ఈసారి ఒక వేలు మునిగినప్పుడు రెండోది పైకి లేచింది. అది మునిగితే ఇది లేచింది. అలలు మునుపటిలాగే పుట్టాయి, మునుపటిలాగే వచ్చాయి. నడుమ మాత్రం ఉల్లిపొర ఉన్నచోటే కాస్త ఊగిసలాడి ఊరుకుంది. దానికి అటు నీళ్లు ఎగురుతున్నాయి, ఇటు ఎగురుతున్నాయి. సరిగ్గా నడుమ గీత గీసినట్టు నీళ్లు నిద్రపోతున్నాయి.

చంద్రయ్య తాంబాళం మీదికి వంగాడు. చాలాసేపు అట్లాగే చూశాడు.

"ఒగటి నూకుతుంటె ఒగటి గుంజుతుంది" అన్నాడు మెల్లగా.

"ఆ! నడుమ నిలవడ్డోనికి రెండు పెట్టెలు సమాన దూరం. ఇటు నుంచి నూకుడు, అటు నుంచి గుంజుడు ఒక్క గడియలనే వస్తయ్. రెండు కొట్టుకపోతయ్. పక్కకు జరిగినోనికి ఒగటి ముందొస్తది, ఒగటి ఎన్కొస్తది, గందుకే పూర్తిగ పోదు."

"డోలే ఎందుకు పోవాలె మరి? తాళం ఎందుకు పోదు?"

"డోలు అల పొడుగు బాపూ. లోపలి అర్ర ఈ గోడకెల్లి ఆ గోడ దాక ఎంతుందో గంతుంటది. నువ్వు నడుమ నుంచి జర అటిటు కదిలినా దాని లెక్క మారదు, పోతనే ఉంటది. తాళం అల జానెడు గూడ ఉండదు. మెడ తిప్పితె లెక్క మారుతది. నీ చెవులు పోలే. ఒక పెట్టెకు తీగలు ఉల్టా పడ్డయ్."

"పడయ్!" చంద్రయ్య గయ్యిమన్నాడు. "ముడి జూడకుండ నేను ఎన్నడు బిగియ్యలే. నా ముడులు నేనే ఏసిన. బెమ్మదేవుడొచ్చినా ఉల్టా పడయ్!"

ఉల్లిగడ్డలు కోసే చప్పుడు ఆగింది. అండాలు కత్తిపీట మీంచి తలెత్తలేదు.

"తేజమ్మా, తీగలు కడిగితె కరాబైతయా బిడ్డా?"

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"దసరకు జిడ్డుతోని నల్లగున్నయ్. పండుగపూట దేవుని ముంగట గట్ల ఎట్ల పెడుదు? ముళ్లిప్పి సబ్బు పెట్టి రుద్దిన. ఆరినంక యాదికొచ్చింది, మీ నాయిన ముళ్లు లేకుంటె ఒర్రుతడని. మల్ల ఏసిన."

"ఏ పోగుకు ఏసినవే?" చంద్రయ్య గొంతు మారిపోయింది.

"ఏదైతెంది? రెండు నల్లగనే ఉండె. చేతికందినదానికి ఏసిన. మంచిగ గట్టిగనే ఏసిన."

చంద్రయ్య లేచి నిలబడ్డాడు. అరవబోయాడు. ఐదు నెలల భయం, నిద్ర పట్టని రాత్రులు, ఎల్లేశ్ వదిలిపోయిన చాయ్ గ్లాసు, అన్నీ గొంతు దాకా వచ్చాయి. తీరా నోరు తెరిస్తే నవ్వు వచ్చింది. మామూలు నవ్వు కాదు, కడుపు పట్టుకుని గోడకు ఆనుకునే నవ్వు. నవ్వుతూనే కళ్లనీళ్లు కారిపోయాయి.

"నగకు! మూడు గుళ్లకు మొక్కిన్నేను!" అంది అండాలు. ఆమె కళ్లలోనూ నీళ్లే. ఉల్లిగడ్డల మీదికి నెట్టేసింది.

అంతలో ఆయన నవ్వు ఠక్కున ఆగింది. "ఇయ్యాల్నే గద కురవి కథ? ఎల్లేశ్!"

వెంటనే భోజ్యాకు ఫోన్ కొట్టాడు. అవతల అప్పటికే జాతర హడావిడి వినబడుతోంది.

"భోజ్యా, ఒక పెట్టెకు ముడి తప్పు పడ్డది. ఏదన్న ఒక్కదానివి తీగలు అటుదిటు మార్చు."

"ఏందన్నా, ముడి తప్పద్దని నువ్వే ఒట్టు పెట్టించుకుంటివి."

"గా ముడే తప్పురా బాబూ! పెట్టెల నడుమ నిలవడి ఇను, డోలు పోతది."

భోజ్యా పసిపిల్లాడికి నచ్చజెప్పినట్టు మెత్తగా అన్నాడు. "అన్నా, నేను స్టేజి పక్కన మిక్సర్ కాడ ఉన్న, బ్రమ్మాండంగ ఉంది. నువ్వే చెప్తివి గదన్నా చెవులు పోయినయని. పరేషాన్ గాకు. ఎల్లేశన్న కథ నేను జూస్కుంట."

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఎల్లేశ్‌కు చేస్తే అతనూ ఎత్తలేదు. ఆ గోలలో వినబడి ఉండదు. చంద్రయ్యకు తల కొట్టేసినట్టయింది. చెవులు పోయాయని తన నోటితో తానే చెప్పి వచ్చాక ఇప్పుడు ఆ చెవులను నమ్మేవాడెవడు? అక్కడ ఎల్లేశ్ జన్మలో మొదటిసారి అంత జనం ముందు నోరు తెరుస్తాడు, సభ నడిబొడ్డున డోలు చచ్చి పడుంటుంది.

"బస్సెప్పుడుంది?" అన్నాడు. కూర పొయ్యి మీదికి ఎక్కకుండానే ముగ్గురూ రోడ్డెక్కారు.

వరంగల్‌లో బస్సు మారి, మహబూబాబాద్‌లో దిగి, జాతర జనంతో కిక్కిరిసిన ఆటోలో వేలాడి కురవిలో దిగేసరికి పొద్దు వంగింది. దారి పొడుగునా చంద్రయ్య కిటికీ కడ్డీ మీద రెండు వేళ్లు పెట్టి ఒకటి లేపుతూ ఒకటి దించుతూనే ఉన్నాడు. పక్క సీటు మనిషి రెండుసార్లు ఎగాదిగా చూశాడు.

కథ మొదలైపోయింది. కాళ్లకు గజ్జెలతో, నెత్తిన రుమాలుతో స్టేజీ మీద ఎల్లేశ్ చిందులేస్తున్నాడు. వెనక డోళ్లవాళ్లు వరుసగా నిలబడి వాయిస్తున్నారు. చంద్రయ్య జనం పక్కనుంచి నడిచాడు. డోలు గుండెల మీద తగులుతోంది. బాగుంది, భోజ్యా చెప్పింది అబద్ధం కాదు. అక్కడి నుంచి వరుసల మధ్యలోకి, రెండు పెట్టెల నడిమికి దారి చేసుకుంటూ పోయాడు. ఒక్కో అడుగుకూ డోలు సన్నబడింది. సరిగ్గా నడుమకు వచ్చేసరికి ఆరిపోయింది.

ఆయనకు ఎంత సంతోషమయిందని! ఐదు నెలలుగా ఏ చోటును చూసి పారిపోయాడో ఆ చోట నిలబడి మురిసిపోయాడు. మళ్లీ పక్కకు పోయాడు, డోలు వచ్చింది. మళ్లీ నడుమకు వచ్చాడు, పోయింది. "పెద్దాయనా, కూసుంటవా, కొడ్దుమా?" అని వెనక వాళ్లు అరుస్తున్నా అటూ ఇటూ తిరిగాడు. చెవులు ఉన్నాయి! తన చెవులు తనకు ఉన్నాయి!

ఆ తర్వాత చుట్టూ చూశాడు. సంతోషం సగం దిగిపోయింది. పక్కల కూర్చున్న వాళ్లు నోళ్లు తెరుచుకుని వింటున్నారు గానీ, నడుమ వరుసలు పలచబడ్డాయి. ముసలవ్వలు పక్కకు తిరిగి ముచ్చట్లు పెట్టుకున్నారు. గాజుల దుకాణాలకు పోదామని ఆడపిల్లలు లేస్తున్నారు. స్టేజీ మీది నుంచి ఎల్లేశ్‌కు కనబడేదీ ఆ నడుమే. తన కళ్ల ముందే జనం లేచిపోతుంటే ఎల్లేశ్ గొంతు కిందికి పైకి అవుతోంది. కథ బాగా లేదనుకుంటున్నాడు, పాపం.

చంద్రయ్య వెళ్లి మిక్సర్ దగ్గరున్న భోజ్యా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా! నువ్వెట్లొచ్చినవే, ఒంట్ల బాలేకుండ—"

"మాట్లాడకు. నడువు."

వాదించలేదు. చెరువు గట్టున దూడను లాక్కెళ్లినట్టు లాక్కెళ్లి సరిగ్గా నడుమ నిలబెట్టాడు. భోజ్యా నవ్వుతూ నిలబడ్డాడు. ఆ నవ్వు మెల్లగా పోయింది. ఒక చెవిని తట్టుకున్నాడు. రెండోది తట్టుకున్నాడు. వేలు పెట్టి తిప్పుకున్నాడు. మొహం తెల్లబోయింది.

"చంద్రన్నా... నాకు గూడ పోయినయానే?"

"నీకు పోలే, నాకు పోలే. ఈడికెల్లి కదలకు. కదిలితె కాళ్లిరగ్గొడ్త."

చంద్రయ్య పరుగున స్టేజీ పక్కనున్న ఆంప్లిఫయర్ దగ్గరికి వచ్చాడు. డోళ్లు ఆగి ఎల్లేశ్ మాటల్లోకి దిగేదాకా ఓపిక పట్టి, ఎడమ పెట్టె సౌండు పూర్తిగా తగ్గించాడు. బొడిపెలు వదులు చేసి, తీగలు పీకాడు. ముడి ఉన్న పోగును నల్లదానికి పెట్టాడు. ముప్పై ఏళ్లలో ఎన్నడూ చేయని పని. లేనిదాన్ని ఎర్రదానికి పెట్టి బిగించాడు. మళ్లీ సౌండు పెంచాడు. అప్పుడే ఎల్లేశ్ చెయ్యెత్తాడు, డోళ్లన్నీ ఒక్కసారి కలిసి పడ్డాయి.

నడుమ నిలబడ్డ భోజ్యా ఎవరో రొమ్ము మీద తోసినట్టు ఒకడుగు వెనక్కి వేశాడు. ముచ్చట్లలో ఉన్న ముసలవ్వలు గుండె మీద చెయ్యి పెట్టుకుని స్టేజీ వైపు తిరిగారు. లేచిన ఆడపిల్లలు లేచిన చోటే ఆగిపోయారు. ఆ వెనక కొబ్బరికాయల దుకాణం వాడు కూడా తల బయట పెట్టాడు.

స్టేజీ మీద ఎల్లేశ్ ఆట ఆపేశాడు. ముందున్న జనాన్ని చూశాడు, తల తిప్పి పెట్టెలను చూశాడు. చెయ్యెత్తి డోళ్లను ఆపి మైకు దగ్గరికొచ్చాడు. గొంతులో ఆయాసం, కథ చెప్పే రాగం రెండూ కలిసిపోయాయి.

"ఇనుండ్రి అయ్యలారా, అవ్వలారా! ఇంతసేపు నేను చెప్పిన, మీరిన్నరో ఇనలేదో వీరన్నకే ఎరుక. ఇప్పుడు మా బావొచ్చిండు! నాకు ఎవ్వలు చెప్పలే, డోలే చెప్పింది. బావా, యాడున్నవే?"

జనమంతా వెనక్కి తిరిగి వెతికారు. చంద్రయ్య అప్పటికే వరుసల మధ్యకు వచ్చేశాడు. అండాలు, తేజస్విని, భోజ్యా అక్కడే ఉన్నారు. దాక్కోవడానికి చోటు లేదు. దాక్కోవాలనీ లేదు. అన్ని వేల కళ్ల ముందు రెండు చేతులూ పైకెత్తాడు.

"ఇనవడ్తుందా బావా?"

"ఇనవడ్తుంది!" అని అరిచాడు చంద్రయ్య. కళ్లనీళ్లు బొటబొటా కారుతుంటే మళ్లీ అరిచాడు. "మస్తుగ ఇనవడ్తుందిరా ఎల్లేశ్!"

జనం గొల్లున నవ్వారు. అది ఆయన ఇన్నాళ్లూ భయపడ్డ నవ్వు కాదు. అండాలు కొంగు పట్టి లాగి ఆయనను తన పక్కన కూర్చోబెట్టుకుంది.

స్టేజీ మీద డోళ్లు లేచాయి. ఎల్లేశ్ కథను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.